మేడ గదికి వైఫై: రెండో రౌటర్‌ను అమర్చే పద్ధతి

ఇంటర్నెట్ తీగ ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా వీధి వైపు హాలులోకే కావడంతో రౌటర్ కూడా అక్కడి గోడకే స్థిరపడుతుంది. అందువల్ల వెనుక పడకగదిలోనూ, మేడ మీది గదిలోనూ వైఫై సన్నగిల్లడం చాలా ఇళ్లలో మామూలైంది. ఈ ఇబ్బందికి నెలవారీ ప్లాన్ పెంచుకోవడం మందు కాదు. లోపం ఇంటి గడప దాకా వచ్చే వేగంలో కాక, గడప దాటాక రేడియో తరంగాలు సాగే దారిలో ఉంది.

గృహాల్లోని వైఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాల దగ్గర పనిచేస్తుంది. పౌనఃపున్యమంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో తెలిపే లెక్క. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఎక్కువ సమాచారాన్ని వేగంగా మోయగలిగినా గోడలు దాటేసరికి త్వరగా నీరసిస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం మరికొంత దూరం చేరినా వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ దానికే ఎక్కువ. తొమ్మిదంగుళాల ఇటుక గోడ వీటిని బలహీనపరిస్తే, ఇనుప చువ్వలు కట్టి పోసిన కాంక్రీటు స్లాబు ఇంకా ఎక్కువగా అడ్డుకుంటుంది. దారిలో ఉన్న ఇనుప బీరువా వాటిని వెనక్కి మళ్లిస్తుంది.

ఇక్కడ అక్కరకు వచ్చేది అటక మీద పడి ఉన్న పాత రౌటర్. అయితే రౌటర్ అనే ఆ చిన్న పెట్టెలో నిజానికి మూడు పనులు ఇమిడి ఉన్నాయని ముందుగా గ్రహించాలి: ఇంటిని బయటి ఇంటర్నెట్‌తో కలిపి, లోపలి ప్రతి పరికరానికి ఐపీ చిరునామా అనే అంకెల గుర్తింపును కేటాయించడం మొదటిది, తీగలతో వచ్చిన పరికరాలను ఒకదానితో ఒకటి కలపడం రెండోది, వైఫైని ప్రసారం చేయడం మూడోది. చిరునామాలు పంచే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. ఒక ఇంటికి ఈ పంపకందారు ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే ఫోనులో వైఫై గీతలు నిండుగా కనిపిస్తున్నా ఇంటర్నెట్ రాకపోవడం వంటి చిక్కులు పుడతాయి. రెండో రౌటర్‌కు మొదటి పని మాన్పించి, మిగిలిన రెండు పనులకే పరిమితం చేస్తే దాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు.

చాలా కొత్త రౌటర్ల సెట్టింగుల్లో ఈ పేరుతోనే ఒక ఎంపిక ఉంటుంది కనుక దాన్ని ఎంచుకుంటే చాలు. అది లేని పాత రౌటర్‌ను ముందు విడిగా ల్యాప్‌టాప్‌కు తీగతో కలిపి, దాని సెట్టింగుల పేజీ తెరవాలి. మొదటి రౌటర్ చిరునామా 192.168.1.1 అయితే, అది పంచే చిరునామాల వరుసలో లేనిది చూసుకుని, రెండోదానికి 192.168.1.2 వంటిది ఇచ్చి, డీహెచ్‌సీపీని ఆపివేయాలి. ఆ తరువాత మొదటి రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి రెండోదాని ల్యాన్ పోర్టుకే కేబుల్ కలిపి, ఇంటర్నెట్ కోసం వేరుగా ఉండే వ్యాన్ పోర్టును ఖాళీగా వదిలేయాలి. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు పెడితే మెట్లెక్కి వెళ్లే ఫోను దగ్గరి రౌటర్‌కు మారగలదు. అయితే ఎప్పుడు మారాలన్న నిర్ణయం ఫోనుదే కావడంతో అది కొంతసేపు కింది సిగ్నల్‌నే పట్టుకుని ఉండవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానళ్లలో రెండు రౌటర్లకూ వేర్వేరు ఛానళ్లు కేటాయించడం మంచిది.

కేబుల్ లాగడం వీలుకాని ఇంట్లో రెండో రౌటర్‌ను రిపీటర్‌గా, అంటే గాలిలోనే సిగ్నల్ అందుకుని తిరిగి పంపే పరికరంగా వాడవచ్చు. ఒకే రేడియోతో వినడం, పలకడం రెండూ చేయవలసి రావడంతో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. దాన్ని సిగ్నల్ అందని గదిలో పెడితే ప్రయోజనం ఉండదు. ఇంకా మంచి సిగ్నల్ అందుతున్న నడిమి చోటే దానికి తగినది.

పాత పరికరం భద్రత విషయంలో మాత్రం రాజీ పడరాదు. తొలినాళ్ల వెప్ అనే రక్షణ పద్ధతిలోని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. కనీసం డబ్ల్యూపీఏ2 లేని రౌటర్‌ను పక్కన పెట్టడమే క్షేమం. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చి, సాఫ్ట్‌వేర్‌ను తాజాపరచాకే దాన్ని వాడకంలోకి తేవాలి.

వైఫై తీగలేనిదే అయినా, దాన్ని ఇల్లంతా నమ్మకంగా చేర్చేది తీగే. క్యాట్ 6 రకం కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు ఒక గిగాబిట్ వేగాన్ని తగ్గకుండా మోస్తుంది. కాబట్టి ఇల్లు కట్టుకుంటున్నవారు స్లాబు పోయకముందే, కరెంటు వైర్ల పైపుకు దూరంగా, హాలు నుంచి మేడ గదికి మరొక ఖాళీ పైపు వేయించుకోవాలి. స్లాబు పోశాక అదే పనికి గోడలు తొలవవలసి వస్తుంది.