ఐదు డిగ్రీల మలుపు

"వింత ఆకారపు ఆఫీసుల్లో గాలి ఎలా ఆడుతుంది? గురువారానికి కావాలి" అన్నారు ఎడిటర్‌గారు. ఫొటోలు బోలెడు దొరికాయి. నన్ను వదలనిది మాత్రం ఒక ప్లాను. లండన్‌లో జనం 'గెర్కిన్' అని పిలుచుకునే 30 సెయింట్ మేరీ యాక్స్ భవనంలోని ఒక అంతస్తుది.

అడ్డంగా కోసిన బెండకాయ ముక్కలా ఉంటుందది. గుండ్రటి అంతస్తు, నడుమ లిఫ్టులు, చుట్టూ ఆరు ఆఫీసు వరసలు. వరసల మధ్య, అంచు దగ్గర, ఆరు ముక్కోణపు ఖాళీలు. మండువా ఇంటి నడిమి ఖాళీని ఆరు ముక్కలు చేసి గోడవైపు జరిపినట్టు. వెలుతురుకీ గాలికీ అవే దారి.

పై అంతస్తు ప్లానును దీనిమీద పెడితే అతకదు. ఐదు డిగ్రీలు తిరిగి ఉంటుంది. దాని పైది ఇంకో ఐదు. ఆరంతస్తులు ఎక్కేసరికి ఖాళీ ముప్పై డిగ్రీలు పక్కకి జరుగుతుంది. బయటికి కనిపించే ముదురు అద్దాల మెలికలు ఇవే. అందం కోసమే తిప్పారనుకున్నాను. కాదు. గుండ్రటి భవనాన్ని గాలి తాకితే ఎదురువైపు ఒత్తిడి పెరుగుతుంది, పక్కల్లో పడిపోతుంది. ఖాళీ పైకి పోతూ దిక్కు మార్చుకుంటుంది కనుక కింద ఒక ఒత్తిడి, పైన మరొకటి. ఆ తేడాయే ఫ్యాను! బయటి వాతావరణాన్ని బట్టి కంప్యూటరు కిటికీలు తెరిస్తే చాలు, గాలి తనే కదులుతుంది. మంటలు పాకకుండా కొన్ని అంతస్తులకోసారి ఖాళీని మూశారు.

చరిత్ర క్లుప్తంగా: 1992లో ఐరిష్ సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబుకు దెబ్బతిన్న, నౌకా వ్యాపారుల బాల్టిక్ ఎక్స్ఛేంజి స్థలం, కట్టించింది స్విస్ రీ బీమా సంస్థ, గీసింది నార్మన్ ఫోస్టర్ బృందం, ఇంజినీర్లు అరుప్ వాళ్లు, ఎత్తు 180 మీటర్లు, ప్రారంభం 2004.

ఏడాదిలో 40 శాతం దాకా యంత్రాల గాలితో పని తగ్గుతుందని రూపకర్తల అంచనా. తర్వాత అద్దెకొచ్చిన కొన్ని సంస్థలు గోప్యత కోసం ఆ ఖాళీలకు అద్దాల అడ్డుగోడలు పెట్టించుకున్నాయి. ఇంత శ్రద్ధగా గీసిన గాలిదారికి అడ్డుగోడ కట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. ప్లానులో ఉన్న గాలి అద్దె కాగితంలో కూడా ఉండాలి. కిటికీ ఎవరు తీయాలో, ఖాళీకి ఏది అడ్డం పెట్టకూడదో అక్కడే రాసుకోవాలి.

మన ఊళ్లో

హైదరాబాద్‌లోని సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ కూడా గుండ్రంగానే ఉంటుంది. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్. 2004 జులైలో అబ్దుల్ కలాం ప్రారంభించారు. నడుమ ముంగిలి, జాలీ గోడలు, రెండు గాలి గోపురాలు. గోపురంలో తడి తగిలి చల్లబడిన గాలే ఏసీ యంత్రంలోకి వెళ్తుంది. యంత్రానికి ఆ మేరకు శ్రమ తప్పుతుంది.