హెలికాప్టర్ రెక్క నుంచి కొయ్య జెండా దాకా

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ట్రావర్స్ సిటీ. జాన్ పార్సన్స్ కంపెనీ అక్కడ హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేది. రెక్క ఒంపు సరిచూడటానికి వాడే టెంప్లేట్లు కోయడానికి 1940ల చివర్లో ముగ్గురు మనుషులు కావాల్సి వచ్చేది. ఒకరు కాగితం చూసి అంకెలు చదివేవారు. మిగతా ఇద్దరూ మిల్లింగ్ యంత్రం దగ్గర నిలబడి, ఒకరు అడ్డం చక్రం, ఇంకొకరు నిలువు చక్రం తిప్పేవారు. ఆ అంకెలను మాత్రం ఇంజనీరు ఫ్రాంక్ స్టూలెన్ ఐబీఎం పంచ్‌కార్డు యంత్రాలతో అప్పటికే లెక్కకట్టించాడు.

లెక్క కట్టేది యంత్రమే అయినప్పుడు, చక్రం తిప్పే పని మాత్రం మనిషికెందుకు?

1949లో పార్సన్స్ ఆలోచనకు అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల రంగంలోకి దిగింది. 1952లో సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ యంత్రం, కాగితపు టేపు మీది చిల్లులను బట్టి మూడు దిశల్లో కదులుతూ లోహాన్ని కోసింది. దాన్ని నడిపే బీరువాల నిండా వాక్యూమ్ ట్యూబులే. చిల్లుల కోసం లెక్కలు కట్టే శ్రమ తగ్గించడానికి డగ్లస్ రాస్ బృందం ఏపీటీ అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించింది. 1959లో దాన్ని విలేకరులకు చూపిస్తూ, ఆ పద్ధతిలోనే చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలు కానుకగా ఇచ్చారు.

1970లలో టేపు పెత్తనం కంప్యూటర్ చేతికి వచ్చి, యంత్రం పేరు సీఎన్‌సీ అయింది. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ రాసిన జీఆర్‌బీఎల్ ప్రోగ్రామ్‌తో, అరచేతిలో ఇమిడే ఆర్డుయినో బోర్డే మూడు మోటార్లను నడపసాగింది. ఇక చెక్కను చెక్కే సీఎన్‌సీ యంత్రం, అంటే రూటర్, ఇంటి షెడ్డులోకి చేరింది. అమెరికన్ షెడ్డుల్లో దానికి తగిలే పనుల్లో ఒకటి, రిటైరయ్యే సైనికుడికో అగ్నిమాపక ఉద్యోగికో ఇచ్చే కొయ్య జెండా.

అమెరికా జెండా కొలతలు 1959 నాటి అధ్యక్షుడి ఉత్తర్వులో ఉన్నాయి. ఎత్తు ఒకటైతే పొడవు 1.9. పట్టీలు 13, నక్షత్రాలు 50. పట్టీ వెడల్పు అంగుళంన్నర తీసుకుంటే ఎత్తు 19.5 అంగుళాలు, పొడవు సుమారు 37. ఒక్కో నక్షత్రం అడ్డుకొలత 1.2 అంగుళాలు, అంటే 30 మిల్లీమీటర్లు.

నక్షత్రాన్ని చెక్కేది మొన తేలిన వీ-బిట్. అది ఎంత లోతుకు దిగితే గాడి అంత వెడల్పవుతుంది. 90 డిగ్రీల బిట్‌తో లోతు, గాడి వెడల్పులో సగం. కాబట్టి నక్షత్రం కొమ్ముల కొసల్లో బిట్ చెక్క పైపొర దగ్గరే ఉండి, నడిమికి వచ్చేసరికి దాదాపు 6 మిల్లీమీటర్లు దిగుతుంది. కొమ్ములు పదునుగా తేలేది అందుకే. 60 డిగ్రీల బిట్ పెడితే అదే నక్షత్రానికి లోతు 10 మిల్లీమీటర్ల దాకా పోతుంది. పలక పలచనైతే అవతలికి పొడుచుకొస్తుంది.

గాలికి ఎగిరే జెండాలా అలలు కావాలంటే పని పెరుగుతుంది. ముందు లావు బిట్‌తో అదనపు చెక్కంతా తీసేస్తారు. తర్వాత గుండ్రటి మొన బిట్‌ను దగ్గర దగ్గర గీతల్లో నడుపుతారు. గీతల మధ్య దూరం తగ్గేకొద్దీ సాండ్‌పేపర్ పని తగ్గుతుంది, యంత్రం నడిచే సమయం పెరుగుతుంది.

చాలామంది నీలం రంగు ముందే వేసి, ఆరాక నక్షత్రాలు చెక్కుతారు. బిట్ వెళ్లిన చోట లోపలి తెల్లని చెక్క బయటపడుతుంది. కొందరు పట్టీలను గ్యాస్ టార్చ్‌తో కాస్త కాల్చి పాతదనం తెస్తారు. కంప్యూటర్‌లో దాచిన నక్షత్రాల ఫైలు వచ్చే జెండాకూ పనికొస్తుంది. వెనక చెక్కే పేరు, దళం, సర్వీసు ఏళ్లు మాత్రం ప్రతిసారీ కొత్తగా ఎక్కించాలి.