మీట ఎవరి చేతిలో వుంది? – చార్లీ చాప్లిన్ సినిమాలు

చార్లీ చాప్లిన్ అనగానే చిన్న మీసం, పాత టోపీ, చేతికర్ర, వదులు పంట్లాం గుర్తుకొస్తాయి. చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపట్టే బొమ్మ అది. ఆ బొమ్మ వెనక వున్న మనిషి 1914లో సినిమా నటుడయ్యాడు. అదే ఏడాది తన సినిమాలకు తానే దర్శకుడయ్యాడు. పోను పోను కథ, కూర్పు, సంగీతం కూడా తానే చూసుకున్నాడు. ప్రపంచమంతటినీ నవ్వించిన ఆ మనిషిని, దాదాపు నలభై ఏళ్ళు బతికిన అమెరికా 1952లో మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. నవ్వించేవాడితో ఒక ప్రభుత్వానికి అంత పేచీ ఎందుకొచ్చింది? ఆయన సినిమాల్లోనే దీనికి చాలావరకు జవాబు వుంది.

చాప్లిన్ 1889లో లండన్‌లో పుట్టాడు. తల్లి నాటకాల్లో పాటలు పాడేది. ఆమె గొంతు పోయింది, దాంతో తిండీ పోయింది. ఏడేళ్ళ వయసులో చాప్లిన్ దిక్కులేని పేదలను వుంచే సర్కారు శాలకు చేరాడు. అందుకే ఆయన హాస్యంలో ఆకలి ఎప్పుడూ పక్కనే వుంటుంది. ‘ది గోల్డ్ రష్’ (1925)లో మంచుకొండల్లో చిక్కుకున్న హీరో బూటు వుడకబెట్టుకుని తింటాడు. మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తాడు. నిజానికి ఆ బూటు అతిమధురంతో చేసింది. మనం పడీ పడీ నవ్వుతాం. కానీ ఒక పూట పస్తున్నవాడు ఆ సీను చూస్తే నవ్వుతో పాటు ఇంకొకటి కూడా గొంతులో అడ్డం పడుతుంది.

సైన్సు విద్యార్థిని కాబట్టి ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పాత మూకీ సినిమాల్లో మనుషులు ఎందుకంత గబగబా నడుస్తారు? ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు. సెకనుకు సుమారు 16 నుంచి 18 బొమ్మలు పడేవి. టాకీలు వచ్చాక, శబ్దం కూడా ఫిల్ము అంచునే నమోదు కావటంతో వేగం మారితే గొంతు మారిపోతుందని, సెకనుకు 24 బొమ్మలని స్థిరపరిచారు. 16 చొప్పున తీసినదాన్ని 24 చొప్పున ఆడిస్తే నడక ఒకటిన్నర రెట్లవుతుంది. చాప్లిన్‌కు ఈ కిటుకు బాగా తెలుసు. కావలసినచోట కెమెరాను నెమ్మదిగా తిప్పించి మనుషుల్ని ఉరికించాడు. అంటే పిడి ఎవరి చేతిలో వుంటే మనిషి నడక వాడిష్టం అన్నమాట. ఆయన గొప్ప సినిమా ‘మోడరన్ టైమ్స్’ (1936)కి ఇదే ఇతివృత్తం.

అందులో హీరో ఒక ఫ్యాక్టరీలో కదిలే బెల్టు ముందు నిలబడి రోజంతా నట్లు బిగిస్తుంటాడు. యజమాని తన గదిలో కూర్చుని తెర మీద కనిపించి వేగం పెంచమంటాడు. మీట తిప్పేది ఒక కూలీయే, వేగం నిర్ణయించేది మాత్రం యజమాని. మధ్యాహ్నం తిండి వేళ కూడా కలిసిరావాలని కూలీల నోట్లో అన్నం పెట్టే యంత్రాన్ని తెస్తారు. అది చెడిపోయి మొక్కజొన్న కండెతో హీరో మూతి వాయగొడుతుంది. చివరికి వాడికి మతి చలించి, కనిపించిన ప్రతి గుండీనీ నట్టనుకుని బిగించబోతాడు. టాకీలు వచ్చి తొమ్మిదేళ్ళయినా ఈ సినిమాలో మాటలు మనుషుల నోటి నుంచి కాక, ఎక్కువగా తెర, గ్రామఫోను, రేడియో లాంటి యంత్రాల నుంచే వినిపిస్తాయి. మాట్లాడే హక్కు కూడా యంత్రం వున్నవాడిదే!

ఈ కథకు మూలం చాప్లిన్ స్వీయచరిత్రలో వుంది. డెట్రాయిట్ ఫ్యాక్టరీలకు పల్లెల నుంచి ఆరోగ్యంగా వెళ్ళిన రైతు కుర్రాళ్ళు నాలుగైదేళ్ళు బెల్టు ముందు పనిచేసి నరాల జబ్బుతో కూలిపోయేవారని ఒక విలేకరి ఆయనకు చెప్పాడట. 1931లో లండన్‌లో గాంధీజీని కలిసినప్పుడు కూడా ఆయన అడిగింది యంత్రాల గురించే. మనిషి మేలుకు వాడితే యంత్రం శ్రమ తగ్గించదా అన్నది ఆయన ప్రశ్న. యంత్రం మమ్మల్ని ఇంగ్లండు మీద ఆధారపడేలా చేసింది గదా అన్నది గాంధీజీ జవాబు. ఇద్దరి మాటలోనూ నిజం వుంది.

రైతుబిడ్డగా నాకీ వాదం కొత్త కాదు. మా ఊళ్ళో ఎకరం వరి కోయాలంటే పదిమందికి పైగా కూలీలు రోజంతా వంగాల్సి వచ్చేది. ఇప్పుడు కోతమిషను గంటా గంటన్నరలో తేల్చేస్తుంది. నడుము వంచే బాధ తప్పినందుకు ఎవరికీ విచారం లేదు. కానీ ఆ పదిమందికి కూలి పోయింది. మబ్బు పట్టిందంటే మిషనువాడు చెప్పిందే రేటు. అప్పుడు మా నాన్న కూడా వాడి వెనక తిరగాల్సిందే. కాబట్టి తగాదా ఇనుముతో కాదు. మీట ఎవరి చేతిలో వుంది, మిగిలిన పొద్దు ఎవరికి దక్కుతోంది అన్నదే అసలు ప్రశ్న. చాప్లిన్ అడిగిందీ అదే.

ఇలా అడిగేవాణ్ణి పెద్దలు వూరుకోరు. ‘ది గ్రేట్ డిక్టేటర్’ (1940)లో హిట్లర్‌ను వెక్కిరించాడు. యుద్ధకాలంలో రష్యాకు అండగా వుండాలని సభల్లో మాట్లాడాడు. తాను కమ్యూనిస్టును కాదని చెప్పినా నమ్మలేదు. ఆయన సొంత జీవితం కూడా విమర్శకు చోటిచ్చింది. మొదటి ఇద్దరు భార్యలకూ పెళ్ళినాటికి పదహారేళ్ళే. దీన్ని ఆయన సినిమాలు కడిగెయ్యలేవు, అభిమానులం కప్పిపుచ్చనూ కూడదు. అయితే అన్ని నిందలూ ఒక్కలాంటివి కావు. ఒక బిడ్డకు తండ్రి ఆయనేనన్న దావాలో తల్లి రక్తం ఏ గ్రూపు, బిడ్డది బి, చాప్లిన్‌ది ఓ. బిడ్డలోని బి లక్షణం ఈ ఇద్దరి నుంచీ వచ్చే వీల్లేదు. ఇంటర్ చదివినవాడికి కూడా తెలిసే ఈ లెక్కను పక్కనబెట్టి, 1945లో జ్యూరీ ఆయనే తండ్రి అని తేల్చింది. ఆనాటి చట్టం రక్తపరీక్షను తిరుగులేని సాక్ష్యంగా గుర్తించలేదు.

1952 సెప్టెంబరులో ‘లైమ్‌లైట్’ విడుదల కోసం ఓడలో లండన్ బయలుదేరగానే, తిరిగి వచ్చేందుకు ఆయనకిచ్చిన అనుమతిని అమెరికా ప్రభుత్వం రద్దుచేసింది. ఆయన స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. మళ్ళీ ఇరవై ఏళ్ళకు, 1972లో, అదే దేశం పిలిచి గౌరవ ఆస్కార్ ఇచ్చింది. సభికులు చాలాసేపు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1977 క్రిస్మస్ నాడు ఆయన కన్నుమూశాడు.

మిత్రులారా! డిగ్రీలు పుచ్చుకుని రేపు మనలో కొందరం యంత్రాల పక్కన నిలబడతాం, కొందరం యంత్రాలను తయారుచేస్తాం. అది ఎంత వేగంగా తిరుగుతుందో లెక్కగట్టటం మన చదువు నేర్పుతుంది. ఆ వేగానికి నలిగేది ఎవరు, లాభపడేది ఎవరు అన్నది కూడా లెక్కలో చేర్చమంటాడు చాప్లిన్. వీలు చూసుకుని ‘మోడరన్ టైమ్స్’ చూడండి. ముందు కడుపారా నవ్వండి. తర్వాత మీ ఊళ్ళో మీట ఎవరి చేతిలో వుందో ఒకసారి చూడండి.