బటన్ ఫోను అంతరంగము

మంజీరా నదికి అడ్డముగా 1923లో ఆరంభింపబడి 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరు జలాశయపు చేరువలోని మహమ్మద్ నగర్, బాన్సువాడ ప్రాంతపు గ్రామములకు సెల్‌ఫోను రెండు త్రోవల వచ్చినది. పొట్ట చేతబట్టుకొని దుబాయి, మస్కటు, కువైటులకు వలసపోయినవారు సెలవులకు ఇల్లు చేరునపుడు, పెట్టెలో బట్టలతోడను అత్తరు సీసాలతోడను కలిపి తెచ్చిన నోకియా సెట్టు మొదటి త్రోవ. 2002 అక్టోబరులో భారత్ సంచార్ నిగమ్ సంస్థ 'సెల్‌వన్' పేరిట ఆరంభించిన సేవయు, దానితో పోటీపడి ప్రైవేటు కంపెనీలు పల్లెలకు విస్తరింపజేసిన టవర్లును రెండవ త్రోవ. ఎడారి దేశమున కొన్న సెట్టులోనుండి అక్కడి సిమ్ము తీసి ఇక్కడి సిమ్ము వేసినంతనే అది మన టవరుతో సంభాషింప మొదలుపెట్టుట ఆనాడెవరికిని ఆశ్చర్యముగా తోచలేదు. నిజమునకది మిక్కిలి ఆశ్చర్యకరమైన విషయము.

1982లో ఐరోపా దేశముల తంతి తపాలా శాఖలవారు ఒక సంఘముగా కూడి, ఖండమంతటికిని ఒక్కటే మొబైలు పద్ధతి ఉండవలెనని సంకల్పించి, దాదాపు దశాబ్దకాలము శ్రమించి రూపొందించిన నియమావళికే జి.ఎస్.ఎం. అని పేరు. ఆ పద్ధతిలో తొలి వాణిజ్య సేవ 1991లో ఫిన్లాండు దేశమున మొదలైనది. 1994లో అరబ్ ఎమిరేట్సుకు చేరినది. 1995 జులై 31వ తేదీన కలకత్తానుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాటాడుటతో భారతదేశమున అడుగిడినది. నియమములన్నియు ఒక్కటేయగుటచేత ఎవరు చేసిన ఫోనైనను ఎవరి టవరుతోనైనను కలియగలిగెను. కాని వేలకొలది పుటలు గల ఆ నియమావళి యంతయు కాగితముపై ఉన్నంతకాలము ఎవరికిని ఉపకరింపదు గదా! దానిని తుచ తప్పక పాటించు యంత్రము జేబులో ఇమిడి, చిన్న బ్యాటరీతో దినముల తరబడి నడచి, కూలినాలి చేసికొనువాడు కూడ కొనగలిగిన వెలకు దొరకవలెను. ఆ కార్యమును సాధించినది చిప్‌ల సమీకరణము, అనగా పలు చిప్‌ల పనిని ఒక్క చిప్‌లో చేర్చుట. 1992 నవంబరులో నోకియా కంపెనీ విడుదలచేసిన 1011 అను తన తొలి జి.ఎస్.ఎం. ఫోను బరువు 475 గ్రాములు. అదే కంపెనీ 2003లో మన దేశమువంటి విపణుల నుద్దేశించి తెచ్చిన, తలపై టార్చిలైటు గల 1100 ఫోను బరువు 86 గ్రాములు. నడుమ గడచిన పదునొకండేండ్లలో నియమావళి మూలసూత్రములు మారలేదు. అవి చేయు పని తగ్గలేదు. ఆ పనిని పంచుకొను చిప్‌ల సంఖ్య మాత్రము తగ్గిపోయినది.

ఆ పని యెట్టిదో చూతము. మనము పలికిన మాట మైకులో విద్యుత్తరంగమగును. దానిని సెకనుకు 8,000 పర్యాయములు కొలచి, ఒక్కొక్క కొలతను 13 బిట్ల అంకెగా మార్చు చిప్‌ను కోడెక్ అందురు. ఇట్లు వచ్చు అంకెలు సెకనుకు 1,04,000 బిట్లు. ఇంత భారమును గాలిలో పంపుటకు రేడియో మార్గము చాలదు. కావున డి.ఎస్.పి. అను గణకయంత్రము, అనగా కూడికలను గుణకారములను అతివేగముగా చేయుటకే నిర్మింపబడిన చిప్ భాగము, ఆ ప్రవాహమును ఇరువది మిల్లీసెకనుల తునకలుగా కోసి, ప్రతి తునకనుండియు మూడు సంగతులు గ్రహించును: ఆ క్షణమున పలుకువాని కంఠము, నోరు ఏ ఆకృతిలో నున్నవి, స్వరము ఎంతెంత వ్యవధిలో పునరావృత్తమగుచున్నది, ఈ రెంటితోడను వివరింపరాని శేషమెంత. ఈ వివరములన్నియు కలిసి 260 బిట్లు మాత్రమే. సెకనుకు లెక్కించిన 13,000. మొదటి భారములో ఇది ఎనిమిదవ వంతు. ఆవలి ఒడ్డున ఈ వివరములనుబట్టి కంఠధ్వని మరల నిర్మింపబడును. దుబాయిలోని కుమారుని గొంతుగా తల్లి వినునది అతని గొంతును గూర్చిన వర్ణన నాధారముగా అప్పటికప్పుడు పుట్టింపబడిన ధ్వనియేయైనను, ఆమె అతని జలుబును కూడ గుర్తించును. ఈ శాస్త్రమున ఇంతకు మించిన అద్భుతము లేదని నా అభిప్రాయము.

ఇట్లు కుదింపబడిన మాటకు మార్గమున దెబ్బలు తగులును. టవరునుండి వచ్చు తరంగము నేరుగా కొంత, కట్టలను కట్టడములను తాకి మరికొంత, జలాశయపు నీటిపై ప్రతిఫలించి ఇంకొంత, ఇట్లు వేర్వేరు ఆలస్యములతో ఫోనును చేరి, తనలో తాను కలహించి చెదరిపోవును. దీనికి ప్రతిక్రియగా డి.ఎస్.పి. ముందుగానే ఆ 260 బిట్లను ప్రాముఖ్యమునుబట్టి వేరుపరచును. చెడినచో మాటయే అర్థముకాని 50 బిట్లకు తప్పును పసిగట్టు గుర్తులు చేర్చును. వానికిని, తరువాతి 132 బిట్లకును రెట్టింపు కవచము తొడుగును. చెడినను చెవికి అంతగా తెలియని 78 బిట్లను యథాతథముగా విడిచిపెట్టును. 456 బిట్లుగా పెరిగిన ఈ మూటను ఎనిమిది భాగములు చేసి ఎనిమిది వేర్వేరు క్షణములలో పంపును. అందొకటి పూర్తిగా నశించినను తక్కిన ఏడింటినుండి మాటను పునరుద్ధరింపవచ్చును. అంతట దొంగచాటుగా వినువారికి తెలియకుండ రహస్యలిపిలో మార్చుటయు, ప్రతి భాగపు నడుమ ఉభయులకు ముందే తెలిసిన 26 బిట్ల వరుసను పొదుగుటయు జరుగును. ఆ తెలిసిన వరుస ఎంత వికృతమై వచ్చినదో చూచి, మార్గము ఎట్లు వక్రీకరించుచున్నదో ఊహించి, తెలియని బిట్లను సరిదిద్దుట స్వీకర్తయందలి డి.ఎస్.పి.కి అత్యంత శ్రమతో కూడిన పని.

ఒకే రేడియో మార్గమును పలువురు వాడుకొను విధము నిజాంసాగరు ఆయకట్టు రైతునకు వేరుగా బోధింపనక్కరలేదు. ఒక తూము క్రింద నీరు చాలనపుడు వంతులు పెట్టుకొని, తన వంతు రాగానే మడవ తెరచి, ముగియగానే మూసి, తరువాతి మడికి వదలుట అతని కనుదిన ధర్మము. జి.ఎస్.ఎం.లో ఒక్కొక్క మార్గము క్రింద ఎనమండుగురు వంతుదారులు. వంతు నిడివి 577 మైక్రోసెకనులు, అనగా సెకనులో వేయవవంతున సగముకన్న కొంచెము ఎక్కువ. ఎనిమిది వంతులు తిరిగి వచ్చుటకు పట్టునది 4.615 మిల్లీసెకనులు. తన వంతు వచ్చినపుడే ఫోను ప్రసరించి, ముగియగానే మూగవోవలెను. గట్టు దాటినచో ప్రక్కవాని మాట చెడును. దూరముగా నున్న ఫోను తరంగము టవరును చేరుటకు ఆలస్యమగును గనుక అంతకు ముందుగానే ప్రసరింపుమని టవరు ఆజ్ఞాపించుచుండును. ఆ సర్దుబాటునకు గల పరిమితినిబట్టియే టవరు పరిధి సుమారు 35 కిలోమీటర్లకు మించదు. ఇట్లు సెకనుకు 217 సార్లు వెలిగి ఆరు ఫోను దగ్గర రేడియో పెట్టె ఉన్నచో, గంట మ్రోగుటకు ముందే అది గరగరలాడుట మీరు విని యుందురు. ఆ గరగర వంతుల సవ్వడియే.

ఈ సమయపాలనకు ఆధారము సెకనుకు కోటికి మించిన సార్లు కంపించు స్ఫటికము. అదియు స్వయముగా సరిపోదు. టవరు సంకేతమును విని ఫోను దానిని క్షణక్షణము సవరించుకొనుచుండును. ఇంకొక చిన్న స్ఫటికము, చేతిగడియారములందు ఉండు జాతిదే, ఫోను నిద్రించునపుడు కాలమును లెక్కించును. మనము జేబులో పెట్టుకొని మరచిపోయిన ఫోను నిజముగా నిద్రించును. పెద్ద స్ఫటికమును, డి.ఎస్.పి.ని, రేడియో భాగమును ఆర్పివేసి, అర సెకనునుండి రెండు సెకనుల వరకు గల నియతకాలమున కొకసారి మేల్కొని, "నాకేమైన పిలుపున్నదా" యని టవరును విని, లేనిచో మరల కన్ను మూయును. బటన్ ఫోను వారముపాటు చార్జింగు అడుగకపోవుటకు ఈ నిద్రయే ముఖ్యకారణము.

ఈ పనులను పంచుకొను చిప్‌ల కుటుంబమును నోకియా 3310 ఫోనులో చక్కగా చూడవచ్చును. 2000 సంవత్సరమున వెలువడిన ఆ సెట్టును విప్పిన వారికి మ్యాడ్2 అను పెద్ద చిప్ కనబడును. డి.ఎస్.పి.యు, తెరను మీటలను సిమ్మును నియమావళి సంభాషణలను నడపు ఆర్మ్ ప్రాసెసరును, వంతుల లెక్కలు చూచు తర్కవలయములును ఆ యొక్క చిప్‌లోనే కాపురముండును. ఇదే జాతి సమీకరణముతో, ఆర్మ్ ప్రాసెసరుతో, పాము ఆటతో నోకియా 6110 అను ఫోను 1997లోనే వచ్చియుండెను. మాటను అంకెలుగా మార్చునది కోబా. బ్యాటరీనుండి అందరికిని తగిన వోల్టేజీలు పంచునది సీకాంట్. చార్జింగు చూచునది చాప్స్. రేడియో తరంగములను గ్రహించి కూర్చునది హేగర్. చివరకు సంకేతమును రెండు వాట్ల వరకు బలపరచి యాంటెనాకు అప్పగించు పవరు యాంప్లిఫయరు వేరొకటి. సీకాంటునందు ఒక కావలివాడు కూడ గలడు: ప్రాసెసరు నియతకాలములో తాను బ్రతికియున్నట్లు తెలుపనిచో ఫోనునే ఆర్పివేయును. వెలిగినట్లే వెలిగి కొద్దిసేపటికే ఆరిపోవు సెట్లలో కొన్నింటి రోగము ఇదియే.

తరువాతి తరమున సీకాంట్, కోబా, చాప్స్ మూడును కలిసి యు.ఇ.ఎం. అను ఒక్క చిప్ అయినవి. ఇట్లు కలుపుటవలన ప్రయోజనమేమి? చిప్‌నుండి చిప్‌నకు సంకేతమును తీసికొనిపోవు ప్రతి తీగయు విద్యుత్తును త్రాగును. ప్రతి అతుకును క్రింద పడినపుడు విరుగుటకు సిద్ధముగా నుండును. ప్రతి చిప్‌నకును వెల, స్థలము, పరీక్ష కావలెను. వానిని ఒకే సిలికాను రేకుపై చేర్చినచో ఈ మూడు నష్టములును తగ్గును. మరి అన్నింటిని మొదటినుండియు ఒకటిగా ఏల చేయలేదనిన, వాని స్వభావములు పరస్పరవిరుద్ధములు. గణకభాగము అతిసూక్ష్మమైన, తక్కువ వోల్టేజీకే అలవాటుపడిన ట్రాన్సిస్టర్లను కోరును. బ్యాటరీని, చార్జరును ముట్టుకొను భాగము అంతకు హెచ్చు వోల్టేజీని తాళవలెను. టవరునుండి వచ్చు అత్యల్ప సంకేతమును వినవలసిన రేడియో భాగమునకు ప్రక్కనున్న గణకభాగపు కోలాహలము సరిపడదు. యాంప్లిఫయరునకు తరచు సిలికాను చాలక గాలియం ఆర్సెనైడు అవసరమగును. 2005 ప్రాంతమున టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ, రేడియో పనిలో అధికభాగమును కూడ అంకెల పద్ధతికి మార్చి, గణకభాగముతో ఒకే చిప్‌పై నిలుపగలిగెను. అప్పటికిని యాంప్లిఫయరు వేరుగనే మిగిలినది. చవుక ఫోను పల్లెపల్లెకు ప్రవహించుటకు ఈ ఏకచిప్ పద్ధతియు, తైవాను దేశపు మీడియాటెక్ సంస్థ చిప్‌లను సాఫ్ట్‌వేరుతో సహా సిద్ధాన్నముగా వడ్డించుటయు గొప్ప తోడ్పాటు చేసినవి.

ఈ విద్యను మన ప్రాంతమున గ్రంథములు చదివి నేర్చినవారు అరుదు. చేతులతో నేర్చినవారు అనేకులు. హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మొదలుకొని బాన్సువాడ బజారు వరకు మొబైలు రిపేరు దుకాణములలో కూర్చుండిన యువకులు, కంపెనీ పెట్టిన నామములతో పనిలేక, పవర్ ఐసి, చార్జింగ్ ఐసి, నెట్‌వర్క్ ఐసి, ఫ్లాష్ ఐసి అని చేయు పనినిబట్టి చిప్‌లను పిలిచిరి, యాంప్లిఫయరునకు పి.ఎఫ్.ఓ. అని పేరు పెట్టిరి. 'నెట్‌వర్క్ చూపుచున్నది గాని కాల్ పోవుటలేదు' అని తెచ్చిన సెట్టును చూడగానే, విను భాగము బాగున్నది, పలుకు భాగము చెడినది, కావున ముందుగా పి.ఎఫ్.ఓ.ను పరీక్షింపవలెనని వారు చేయు తర్కము ఏ ఇంజనీరింగు కళాశాలలోని తర్కమునకును తీసిపోదు. చిప్‌ల కాళ్లు అడుగుభాగమున టంకపు గుండ్ల రూపమున దాగియుండుటచేత, క్రింద పడిన సెట్టులో గుండు విరిగినదో లేదో కంటికి కానరాదు. వేడిగాలి గన్నుతో గుండ్లను కరగించి చిప్‌ను లేపి, గుండ్లు మరల పోసి, వెంట్రుకవాసి తేడా లేక కూర్చోబెట్టు నైపుణ్యము ఏండ్లకుగాని అలవడదు. చిప్‌లు కలిసిపోయినకొలది ఈ నైపుణ్యమునకు చోటు తగ్గినది. మూడు చిప్‌లలో ఒకటి చెడిన మార్చవచ్చును. మూడును ఒక్కటియైన తరువాత బోర్డునే పారవేయుట సులభమని తోచును. సమీకరణమువలన మనము పొందిన లాభముతో పోల్చిన ఇది చిన్న నష్టమే కావచ్చును గాని, నష్టము కాదని నేననజాలను.

ఆ మెకానిక్కులలో పలువురు నేడు అద్దపు ఫోనులకు తెరలు మార్చుచు, కవర్లు అమ్ముచు కాలము గడుపుచున్నారు. వారికి తెలిసిన దానిని తెలుగులో వ్రాసియుంచినవారు బహు కొద్దిమంది. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల పాఠశాలలలోను పాలిటెక్నిక్కులలోను భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు నా విన్నపము: తరంగములను గూర్చిన పాఠము వచ్చిన దినమున ఊరిలోని ఒక రిపేరు దుకాణదారుని తరగతికి ఆహ్వానింపుడు. పాతసామానులలో పడియున్న బటన్ ఫోనునొకదానిని, బ్యాటరీ తీసివేసి, అతనిచేతనే విప్పింపుడు. ఏ చిప్ ఏమి చేయునో అతడు చెప్పిన మాటలను విద్యార్థులచేత అతని మాటలలోనే వ్రాయింపుడు.