తీసేసినా మిగిలే అనుమతి

2014 సెప్టెంబరు నుంచి కొన్ని నెలలపాటు లెనోవో అమ్మిన కొన్ని రకాల ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ విజువల్ డిస్కవరీ అనే ప్రోగ్రాం ముందే ఎక్కించి ఉండేది. పైకి దాని పని చిన్నదే. షాపింగ్ సైటులో ఏదో వస్తువు బొమ్మ కనబడితే, అలాంటివే ఇంకెక్కడ దొరుకుతాయో ప్రకటనగా చూపించడం. విసుగొచ్చినవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కారు. ప్రోగ్రాం పోయింది, ప్రకటనలూ ఆగాయి. కానీ అది తనతో తెచ్చుకున్న రూట్ సర్టిఫికెట్ మాత్రం విండోస్‌లో అలాగే ఉండిపోయింది. అంటే పనివాడు వెళ్లిపోయినా వాడికిచ్చిన అధికారం రద్దు కాలేదు. ఇలా ప్రకటనలు దూర్చే ప్రోగ్రాంలను, అంటే యాడ్‌వేర్‌ను, అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. వైరస్ కంప్యూటర్‌లోని ఏదో లోపాన్నో, మనిషి ఏమరుపాటునో పట్టుకుని చొరబడుతుంది. యాడ్‌వేర్‌కు ఆ అవసరం తక్కువ. విండోస్, బ్రౌజర్ మంచి ఉద్దేశంతో కల్పించిన సౌకర్యాలనే, చాలాసార్లు మనం నొక్కిన బటన్ సాయంతోనే, తన పేరు మీద రాయించుకుంటుంది. కాబట్టి యాడ్‌వేర్‌ను తొలగించడమంటే అది ఎక్కడెక్కడ ఏ అనుమతి రాయించుకుందో వెతికి, ఒక్కొక్కటీ వెనక్కి తీసుకోవడం. ఫైళ్లు చెరపడం అందులో ఒక భాగం మాత్రమే.

సూపర్‌ఫిష్‌కు ఆ సర్టిఫికెట్ ఎందుకు కావాల్సి వచ్చిందో చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. అప్పటికి పెద్ద సైట్లు ఒక్కొక్కటే హెచ్‌టీటీపీఎస్‌కు మారుతున్నాయి. అడ్రస్ బార్‌లో అప్పట్లో తాళం గుర్తుతో కనిపించిన ఆ పద్ధతిలో బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచేదంతా గుప్తలిపిలో ఉంటుంది. దారిలో ఉన్నవాడు దాన్ని చదవలేడు, మార్చలేడు; మార్చలేనివాడు అందులో ప్రకటన దూర్చలేడు. అయితే గుప్తలిపి ఒక్కటే చాలదు, అవతల ఉన్నది నిజంగా మన బ్యాంకు సర్వరేనా అన్నది తేలాలి. అందుకు సర్వర్ తన పేరు, తన పబ్లిక్ కీ ఉన్న సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద ఒక ధ్రువీకరణ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంస్థ సర్టిఫికెట్ మీద దాని పైసంస్థ సంతకం ఉంటుంది. అలా పైకి వెళ్తే రూట్ సర్టిఫికెట్ వస్తుంది. దానికి పైన ఎవరూ లేరు, తన సంతకం తనే పెట్టుకుంటుంది. మరి దాన్ని నమ్మడమెందుకు? కంప్యూటర్ దగ్గరున్న నమ్మదగిన రూట్‌ల జాబితాలో అది ఉంది కాబట్టి, అంతే. ఎంత బలమైన గణితమైనా చివరికి ఈ జాబితా దగ్గరకొచ్చి ఆగుతుంది. సూపర్‌ఫిష్ గణితం జోలికి పోలేదు, జాబితాలో తన పేరు చేర్చుకుంది.

అక్కడి నుంచి జరిగేది ఎంతో తెలివైన ఏర్పాటు. మీరు బ్యాంకు సైటు తెరిస్తే ఆ అభ్యర్థన ల్యాప్‌టాప్ దాటకముందే సూపర్‌ఫిష్ వడపోత దాన్ని అందుకుంటుంది. అసలు బ్యాంకు సర్వర్‌తో తనే మాట్లాడి, వచ్చిన పేజీని విప్పి, దానికి తన జావాస్క్రిప్టు తగిలిస్తుంది. ఈలోపు బ్యాంకు పేరుతో ఒక కొత్త సర్టిఫికెట్‌ను అక్కడికక్కడే తయారుచేసి, తన రూట్‌తో సంతకం చేసి బ్రౌజర్‌కు అందిస్తుంది. బ్రౌజర్ సంతకాన్ని పట్టుకుని పైకి వెళ్తుంది, రూట్ జాబితాలో కనిపిస్తుంది, తాళం గుర్తు వేస్తుంది. బ్రౌజర్ మోసపోయిందని కూడా అనలేం, అది తన నియమాన్ని అక్షరాలా పాటించింది. తాళం గుర్తు మీద నొక్కి, ఈ సర్టిఫికెట్ ఇచ్చిందెవరని చదివినవాళ్లకు మాత్రమే అక్కడ ధ్రువీకరణ సంస్థ పేరుకు బదులు సూపర్‌ఫిష్ పేరు కనిపించేది. ఇలా రూట్ చేర్చుకునే వీలు విండోస్‌లో లోపం కాదు. సంస్థలు తమ అంతర్గత నెట్‌వర్కుల కోసం సొంత రూట్ పెట్టుకుంటాయి, కొన్ని యాంటీవైరస్‌లు కూడా వచ్చే సమాచారాన్ని పరీక్షించడానికి ఇదే పద్ధతి వాడతాయి. వాళ్లకు ఉపయోగపడిన దారే దీనికీ ఉపయోగపడింది.

అయితే అప్పటికప్పుడు సంతకం చేయాలంటే సంతకం పెట్టడానికి వాడే, రహస్యంగా ఉండాల్సిన రూట్ ప్రైవేటు కీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఉంది. పైగా అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ అదే కీ. 2015 ఫిబ్రవరి 19న భద్రతా పరిశోధకుడు రాబర్ట్ గ్రాహమ్ దాన్ని బయటికి తీసి చూపించాడు. నడుస్తున్న ప్రోగ్రాం తాలూకు మెమరీని ఫైలుగా దించుకుంటే అందులో కీ దొరికింది, కానీ దానికి పాస్‌వర్డ్ ఉంది. మనిషి టైపు చేయకుండానే ప్రోగ్రాం ఆ కీని వాడుకుంటోందంటే పాస్‌వర్డ్ కూడా ప్రోగ్రాంలోనే ఎక్కడో ఉండాలన్నది అతని తర్కం. ఆ మెమరీలో కనిపించిన మాటలనే నిఘంటువుగా చేసి ఒక్కొక్కటే ప్రయత్నిస్తే ‘కొమోడియా’ దగ్గర తెరుచుకుంది. సూపర్‌ఫిష్‌కు ఆ వడపోత భాగాన్ని సమకూర్చిన కంపెనీ పేరు అది. ఇక ఆ కీ చేతికందిన ఎవరైనా ఒక హోటల్ వైఫైలో కూర్చుని ఏ బ్యాంకు పేరుతోనైనా సర్టిఫికెట్ సృష్టించవచ్చు, రూట్ మిగిలి ఉన్న ప్రతి ల్యాప్‌టాప్ దాన్ని ఒప్పుకుంటుంది. ప్రోగ్రాంను అప్పటికే అన్‌ఇన్‌స్టాల్ చేసి నిశ్చింతగా ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్ కూడా. మర్నాడే మైక్రోసాఫ్ట్ తన యాంటీవైరస్ డిఫెండర్‌ను సవరించింది. అది ప్రోగ్రాంతోపాటు సర్టిఫికెట్‌ను కూడా తీసేసింది. సరైన తొలగింపు ఎలా ఉండాలో చెప్పడానికి ఆ రెండో పనే గీటురాయి.

వెనక్కి చూస్తే యాడ్‌వేర్ పుట్టినప్పటి నుంచీ ఇదే వరస. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 తో బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్ట్ అనే సౌకర్యం వచ్చింది. విండోస్ సెట్టింగులు నమోదయ్యే రిజిస్ట్రీలో ఒక చోట పేరు రాయించుకున్న డీఎల్ఎల్ (వేరే ప్రోగ్రాం లోపల నడిచే కోడ్) ఫైలును, తెరిచిన ప్రతిసారీ బ్రౌజర్ తనతోపాటు ఎక్కించుకునేది. పీడీఎఫ్‌లు చూపించే అడోబీ రీడర్ ఆ దారినే వచ్చింది, ప్రకటనల టూల్‌బార్‌లూ ఆ దారినే వచ్చాయి. గేటర్ అనే ప్రోగ్రాం పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుని ఫారాలు నింపిపెట్టేది. బదులుగా మీరు చూస్తున్న సైటు మీద వేరేవాళ్ల ప్రకటనలు పరిచేది. ఆ పనికి వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికల సంస్థలు 2002లో కోర్టుకెక్కాయి. న్యూడాట్‌నెట్ అనే మరో ప్రోగ్రాం ఇంకా లోతుకు వెళ్లి, విండోస్‌లో నెట్ సమాచారం సాగే విన్‌సాక్ గొలుసులో తానొక లంకెగా చేరింది. దాని ఫైలును మాత్రమే చెరిపేస్తే పూసల దండలో దారం తెగినట్టు గొలుసంతా విడిపోయి నెట్టే ఆగిపోయేది. ఫైలును తీసేశారు, గొలుసులో దాని పేరును తీయలేదు. సూపర్‌ఫిష్ కథకు పదేళ్ల ముందే జరిగిన అదే పొరపాటు.

ఈ ఎత్తుగడలు ఎక్కడిదాకా పోయాయో డైరెక్ట్ రెవెన్యూ అనే యాడ్‌వేర్ కంపెనీలో పనిచేసిన మాట్ నాక్స్ 2009లో ఒక ఇంటర్వ్యూలో వివరించాడు. ఒక ప్రోగ్రాం చెరిగిపోతే ఇంకొకటి చూసి తిరిగి పెట్టడం, ప్రతిసారీ ఫైలుకు కొత్త పేరు పెట్టడం, తర్వాత విడిగా ప్రోగ్రామే లేకుండా నడుస్తున్న వేరే ప్రోగ్రాం లోపల ఒక పాయగా బతకడం. వీటన్నిటిలోకీ నాకు ఆశ్చర్యంగా తోచేది రిజిస్ట్రీ పేర్ల ఉపాయం. విండోస్ లోపలి పొర ఒక పేరు ఎక్కడ ముగుస్తుందో దాని పొడవు లెక్కతో తెలుసుకుంటుంది. మామూలు ప్రోగ్రాంలు వాడే పైపొర మాత్రం సున్నా విలువ గల అక్షరం తగలగానే పేరు అయిపోయిందనుకుంటుంది. లోపలి పొర ద్వారా, మధ్యలో ఆ సున్నా అక్షరం ఉన్న పేరుతో ఒక నమోదు రాస్తే, పైపొర సాధనాలకు దాన్ని తెరవడమూ రాదు, చెరపడమూ రాదు. రెండు పొరలూ తమ తమ నియమాల ప్రకారం సరిగ్గానే పనిచేస్తున్నాయి. వాటి మధ్య ఉన్న తేడాలో యాడ్‌వేర్ కాపురం పెట్టింది.

దీనికి ఎదురు నిలిచినవాళ్లలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. 1999లో వచ్చిన యాడ్‌అవేర్, ఆ వెంటనే ప్యాట్రిక్ కోలా రాసిన స్పైబాట్ మొదటి పద్ధతివి. తెలిసిన యాడ్‌వేర్ పేర్లు, ఫైళ్లు, రిజిస్ట్రీ నమోదులను జాబితాగా ఉంచుకుని వాటితో పోల్చి తీసేస్తాయి. నెదర్లాండ్స్ విద్యార్థి మెరైన్ బెలెకోమ్ రాసిన హైజాక్‌దిస్ రెండో పద్ధతిది. అది ఎవరినీ చెడ్డవాళ్లనదు, మంచివాళ్లనదు. బ్రౌజర్ హెల్పర్లు, స్టార్టప్ నమోదులు, విన్‌సాక్ లంకెలు, హోమ్‌పేజీ సెట్టింగులు ఎక్కడెక్కడ ఎవరి పేరు రాసి ఉందో వరసగా చూపించి, తీర్పు మనకు వదిలేస్తుంది. ఇదే ఆలోచన సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ అనే సాధనంలో ఇంకా విస్తృతంగా కనిపిస్తుంది, అది ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ దగ్గర ఉచితంగా దొరుకుతుంది. మొదటి పద్ధతి ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది, పేరు మారిస్తే తప్పించుకోవచ్చు. రెండోది ‘ఇక్కడ నీకేం పని?’ అని అడుగుతుంది. పేరు ఎన్నిసార్లు మార్చినా, కంప్యూటర్ తెరిచినప్పుడల్లా లేవాలంటే లేపే చోటొకటి ఉండాలి కదా, ఆ చోటును దాచడం కష్టం. రిజిస్ట్రీ పేర్ల వంటి ఉపాయాలకు లోపలి పొరతోనే మాట్లాడే సాధనాలు కావాలి, నిజమే. కానీ సూత్రం నిలుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, యాంటీవైరస్ చూసుకోదా అనడం సహజం. కొంత చూసుకుంటుంది. కానీ మీరు ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కి తెచ్చుకున్నదాన్ని వైరస్ అనడానికి ఆ కంపెనీలు మొదటి నుంచీ తటపటాయించాయి. అందుకే ‘అవాంఛిత అప్లికేషన్’ అని వేరే తరగతి పెట్టాయి, ఆ నిరోధం ఆన్‌లో ఉందో లేదో విండోస్ సెక్యూరిటీలో మనమే చూసుకోవాలి. ఆ తటపటాయింపుకు కారణం ఉంది. జాంగో అనే యాడ్‌వేర్ కంపెనీ తన ప్రోగ్రాంను అడ్డుకున్నందుకు క్యాస్పర్‌స్కీ మీద అమెరికాలో దావా వేసింది. 2009లో అప్పీలు కోర్టు క్యాస్పర్‌స్కీ పక్షాన నిలిచింది. మరి కొందరు, విండోస్ మొత్తం మళ్లీ వేసుకుంటే పోతుందిగా అంటారు. ఖాళీ డిస్కు మీద మైక్రోసాఫ్ట్ ఇచ్చే శుభ్రమైన ప్రతి వేస్తే పోతుంది. తయారీదారు ఇచ్చిన రికవరీ విభాగం నుంచి వేస్తే, ముందే ఎక్కించిన ప్రోగ్రాంలు కూడా దానితోపాటు తిరిగి వచ్చేస్తాయి. బ్రౌజర్‌లో అకౌంటుతో సైన్ ఇన్ అయి సింక్ ఆన్ చేస్తే పాత ఎక్స్‌టెన్షన్ కూడా వెనకే వస్తుంది. అనుమతి యంత్రం బయట రాసి ఉన్నప్పుడు యంత్రాన్ని కడిగి లాభం లేదు.

కాబట్టి తొలగింపు అనుమతుల వరసలోనే సాగాలి. ముందు ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాంల జాబితాను తేదీ వారీగా చూసి, ప్రకటనలు మొదలైన రోజుల్లో వచ్చినవాటిని తీసేయాలి. తర్వాత బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు, సెర్చ్ ఇంజన్, హోమ్‌పేజీ. తెర మూల నుంచి ఎగిరొచ్చే ప్రకటనలు చాలావరకు ఏదో సైటుకు మనమిచ్చిన నోటిఫికేషన్ అనుమతి ఫలితమే, ఆ జాబితాను ఖాళీ చేస్తే చాలు. సొంత కంప్యూటర్‌లో క్రోమ్ ‘మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది’ అంటే, కార్యాలయాల కోసం ఉద్దేశించిన పాలసీలను ఏదో ప్రోగ్రాం రిజిస్ట్రీలో రాసిందేమో చూడాలి. తీసేసిన ఎక్స్‌టెన్షన్ మళ్లీ మళ్లీ రావడానికి అదొక ముఖ్య కారణం. ఆపైన టాస్క్ షెడ్యూలర్, ప్రాక్సీ సెట్టింగులు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ చివర అతికించిన సైటు చిరునామా, రూట్ సర్టిఫికెట్లు. ఫైర్‌ఫాక్స్ రూట్‌ల జాబితాను సొంతంగా నడుపుతుంది కనుక అక్కడ విడిగా చూడాలి. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల ఏడీడబ్ల్యూక్లీనర్ వంటి ఉచిత సాధనం ఇందులో చాలా భాగం తనే వెతుకుతుంది. తీసేశాక కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి, ఇంకోసారి వెతకాలి. ఏదైనా తిరిగొచ్చిందంటే ఇంకో అనుమతి మిగిలి ఉందని అర్థం.

ఉచిత ప్రోగ్రాం రాసేవాళ్లూ బతకాలి కదా, ప్రకటన చూడటానికి మనమే ఒప్పుకున్నాం కదా అన్నది గట్టి అభ్యంతరం. తన కిటికీలో తను ప్రకటన చూపించుకుని, వద్దంటే పూర్తిగా వెళ్లిపోయే ప్రోగ్రాంతో నాకు పేచీ లేదు. కానీ పొడవాటి ఒప్పందం అడుగున దాచిన వాక్యం ఒప్పుకోలు కాదన్నదే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వైఖరి. ఆ వైఖరి మీదే జాంగో 2006లో 30 లక్షల డాలర్లు, డైరెక్ట్ రెవెన్యూ 2007లో 15 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి. ఒప్పుకోలు ఒకసారి నిజంగా ఇచ్చినా చేతులు మారవచ్చు. 2014 జనవరిలో కొన్ని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను వాటి రచయితల దగ్గర కొనుక్కున్నవాళ్లు అప్‌డేట్ ద్వారా ప్రకటనలు దూర్చారు, గూగుల్ వాటిని తొలగించింది. వాడేవాళ్లు కొత్తగా ఒక్క బటనూ నొక్కలేదు. కనుక నివారణ కూడా ఇదే సూత్రం మీద నడవాలి. ప్రోగ్రాంను తయారుచేసినవాళ్ల సైటు నుంచే దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘కస్టమ్’ ఎంచుకుని, ముందే టిక్కు పెట్టి ఉన్న అదనపు ప్రోగ్రాంలకు టిక్కు తీసేయాలి. వాడని ఎక్స్‌టెన్షన్‌ను ఉంచకూడదు. అన్ని సైట్ల సమాచారం చదివి మార్చే అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్‌కు ఆ పనితో నిజంగా అవసరముందా అని ఆలోచించాలి.

ఈ జాగ్రత్తంతా మనిషి మీదే వేయడం న్యాయం కాదు. ఫోనులో ఒక యాప్‌ను తీసేస్తే దానికిచ్చిన కెమెరా, కాంటాక్టుల అనుమతులు దానితోపాటే పోతాయి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, వాడేవాళ్లు చేర్చిన రూట్ సర్టిఫికెట్‌ను యాప్‌లు వాటంతటవి నమ్మవు. విండోస్‌లో మామూలు ప్రోగ్రాంలకు ఆ కట్టడి లేదు. నిర్వాహక అనుమతి దొరికిన ప్రోగ్రాం దాదాపు ఎక్కడైనా రాసుకోవచ్చు, పోతూ చెరిపిపోవాలన్న నిర్బంధం లేదు. ఈ స్వేచ్ఛ వల్లే హైజాక్‌దిస్ వంటిదాన్ని ఒక విద్యార్థి రాయగలిగాడు, కాబట్టి దాన్ని కోసేయమని నేననను. ఎవరు ఏ అనుమతి ఎప్పుడు రాయించుకున్నారో విండోస్ ఒక్కచోట చూపించాలి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కిన రోజున అవన్నీ రద్దు చేయాలి. అది జరిగేదాకా ఆ లెక్క చూడాల్సింది కంప్యూటర్ వాడుతున్న మనమే. యాడ్‌వేర్ పేరు రేపు ఏదైనా కావచ్చు, అది నిలబడటానికి మన దగ్గర రాయించుకోవాల్సిన అనుమతులు మాత్రం లెక్కకు అందేవే.