విందు ముగిశాక గుండిగలో ఏం జరుగుతుంది?

ఇంట్లో పుట్టినరోజో గృహప్రవేశమో పెట్టుకున్నప్పుడు ఇంటివాళ్ల ఆలోచనంతా వంట మీదే ఉంటుంది. ఎంతమంది వస్తారు, ఎన్ని కిలోల బియ్యం పోయాలి, ముక్క ఉడికిందా లేదా అన్నవే ప్రశ్నలు. వడ్డన అయ్యాక మిగిలిన బిర్యానీ గుండిగకు మూత పెట్టి వంటింట్లో ఓ మూల ఉంచేస్తారు. మర్నాడు దాన్ని తిన్నవాళ్లలో ఎవరికైనా వాంతులో విరేచనాలో పట్టుకుంటే నెపం నూనె మీదకో మసాలా మీదకో పోతుంది. చాలాసార్లు లోపం వంటలో ఉండదు, వంట తర్వాత గడిచిన గంటల్లో ఉంటుంది.

బాగా ఉడికితే సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయన్నది సగం నిజం. బియ్యంలో, మసాలా దినుసుల్లో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా తరచుగా ఉంటుంది. మాంసంలో క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ ఉండవచ్చు. పరిస్థితులు అనుకూలించనప్పుడు ఇవి గట్టి పొరలున్న సిద్ధబీజాలుగా మారి నిద్రాణంగా ఉండిపోతాయి. నీళ్లు మరిగే వేడికి కూడా వాటిలో కొన్ని తట్టుకుంటాయి. పైగా ఆ వేడే వాటిని మేల్కొలుపుతుంది. గుండిగ చల్లారేసరికి పోటీపడే ఇతర సూక్ష్మజీవులు చనిపోయి ఉంటాయి కాబట్టి తిండి మొత్తం వీటిదే.

ఆహారంలో బాక్టీరియా పెరుగుదలకు అనువైన వేడి సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్. పర్ఫ్రింజెన్స్‌కు 43-45 డిగ్రీలు బాగా ఇష్టం. ఆ వేడిలో, అన్నీ అనుకూలిస్తే, దాని సంఖ్య దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అంటే 100 బాక్టీరియా రెండు గంటల్లో 4 లక్షలు దాటతాయి. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్న బిర్యానీ మనిషికి ఎంత హాయో, దానికీ అంతే.

పెద్ద గుండిగతో చిక్కంతా ఇక్కడే. వేడి బయటికి పోవాల్సింది ఉపరితలం నుంచే. అన్నం లాంటి గట్టి పదార్థంలో మధ్యనున్న వేడి అంచుదాకా రావడానికి పట్టే సమయం మందాన్ని బట్టి కాదు, మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 సెంటీమీటర్ల లోతున్న అన్నాన్ని 5 సెంటీమీటర్ల మందంగా పరిస్తే లోపలి వేడి బయటపడే సమయం లెక్కప్రకారం 16వ వంతుకు తగ్గుతుంది. దమ్ కోసం బిగించిన మూత, మందపాటి అడుగు రుచికి ఎంత మేలు చేస్తాయో చల్లారడానికి అంత అడ్డు. సాంబారు, రసం కొంత నయం. ద్రవం కాబట్టి అందులో వేడి కదులుతూ ఉంటుంది, గరిటెతో కలిపితే ఇంకా త్వరగా చల్లారుతుంది.

మళ్లీ వేడి చేసుకుంటే సరిపోదా? పర్ఫ్రింజెన్స్ విషయంలో పొగలు కక్కేదాకా, మధ్యభాగం సహా, వేడిచేస్తే పెరిగిన బాక్టీరియా చాలావరకు చస్తుంది. బాసిల్లస్ సీరియస్ అలా కాదు. అది అన్నంలో వదిలే వాంతుల విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెడదు. ప్రెషర్ కుక్కర్‌లోని వేడి కూడా సుమారుగా అంతే. 1970ల మొదట్లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి వరుసగా వాంతులు పట్టుకున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. అక్కడి చైనా వంటకాల హోటళ్లలో అన్నం పెద్దమొత్తంలో వండి, మెతుకు అంటుకోకూడదని ఫ్రిజ్‌లో పెట్టకుండా బయటే ఉంచి, తర్వాత కాసేపు వేయించి వడ్డించేవారు. తిన్న ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఇలాంటి విషాన్నే అనుమానిస్తారు. పర్ఫ్రింజెన్స్ అయితే సాధారణంగా 6 నుంచి 24 గంటల తర్వాత కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి.

మరి చద్దన్నం తినడం లేదా అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నీళ్లలో, మజ్జిగలో పులిసే అన్నంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ఇతర బాక్టీరియాను అదుపు చేస్తుంది. మూతకింద వెచ్చగా ఉన్న బిర్యానీకి ఆ రక్షణ లేదు.

వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వేసవిలో గంటలోపే తీసేయడం మంచిది. ఆలస్యంగా వచ్చే బంధువుల కోసం ఉంచేది సన్నటి సెగ మీదో, మరిగే నీళ్ల గిన్నెలోనో పొగలు పోకుండా ఉండాలి. మిగిలేది ఖాయమని తెలియగానే, అందరూ కబుర్లలో పడకముందే, వెడల్పాటి తాంబాళాల్లో పల్చగా పరిచి, ఆవిరి తగ్గగానే చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడివి పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న భయంతో రాత్రంతా బయట ఉంచడమే అసలు ప్రమాదం. కాకపోతే గుండిగను గుండిగగా లోపలికి తోస్తే అదీ చల్లారదు, పక్కనున్న పాలూ వెచ్చబడతాయి.

ఊరికి వెళ్లేవాళ్లకు డబ్బా కట్టివ్వడం మన మర్యాద. ప్రయాణం రెండు గంటలు దాటేటట్లయితే, వెంట పసిపిల్లలో గర్భిణులో వృద్ధులో ఉంటే, ఆ డబ్బాలో బిర్యానీకి బదులు అరిసెలో జంతికలో పెట్టడం మేలు.