లినక్స్ పంపిణీల విశ్వసనీయత, పాలనా విధానాలు

లినక్స్ పంపిణీ అనగా లినక్స్ కెర్నలును, దానితో కలిసి పనిచేసే ఇతర సాఫ్టువేర్లను ఒకచోట కూర్చి వాడుకరులకు అందించే నిర్వహణ వ్యవస్థ. అన్నిటికీ మూలమైన కెర్నలు ఒకటే అయినా, పంపిణీలను నడిపే సముదాయాలు, సంస్థలు అనేకం. ఏ సాఫ్టువేరును చేర్చాలి, దోషాలను ఎవరు సవరించాలి, నిర్ణయాధికారం ఎవరిది అనే విషయాలలో వీటి మధ్య భేదాలున్నాయి. తెలుగు కంప్యూటింగుకై కృషి చేస్తున్న హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ రూపొందించిన నిర్వహణ వ్యవస్థ, సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్ రెండూ డెబియన్ ఆధారంగా తయారైనవే. అందువలన డెబియన్‌లో జరిగే మార్పుల ప్రభావం వీటిపైన కూడా ఉంటుంది.

పాలన

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. ఇది ఏ వ్యాపార సంస్థకూ చెందినది కాదు. 1997లో సామాజిక ఒప్పందాన్ని, 1998లో నియమావళిని ఆమోదించుకున్నది. డెవలపర్లు ఏటా ఓటు ద్వారా నాయకుని ఎన్నుకుంటారు. 2004లో మొదలైన ఉబుంటు డెబియన్ ఆధారితమే గాని, దానిని మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కానొనికల్ సంస్థ నడుపుతున్నది. 2003లో మొదలైన ఫెడోరాకు రెడ్ హ్యాట్ అండ ఉంది. 2014 నుండి ఒక మండలి దాని వ్యవహారాలను చూస్తున్నది.

సంస్థ చేతిలో నిర్ణయాధికారం ఉంటే ఏమి జరుగగలదో సెంటాస్ ఉదంతం తెలుపుతుంది. సెంటాస్ 8కు 2029 వరకు మద్దతు ఉంటుందని వాడుకరులు భావించారు. అయితే 2021 చివరితోనే దానిని ముగిస్తున్నట్లు 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. దరిమిలా ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టుకొచ్చాయి. మూలసంకేతం బహిరంగంగా ఉండుట చేతనే ఇది సాధ్యమైంది.

బాహాటత్వం

ఫెడోరా స్వేచ్ఛా సాఫ్టువేరుకు ప్రాధాన్యమిస్తూనే, హార్డువేరు పనిచేయుటకు అవసరమైన ఫర్మ్‌వేరు విషయంలో మినహాయింపు ఇస్తుంది. డెబియన్ కూడా 2022లో జరిగిన ఓటింగు తరువాత, 12వ విడుదల (2023) నుండి స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేరును అధికారిక స్థాపక మాధ్యమంలో చేర్చింది. ఉబుంటు వాడే స్నాప్ భాండాగారపు సర్వరు సాఫ్టువేరు మూలసంకేతాన్ని కానొనికల్ వెల్లడించలేదు.

విశ్వసనీయత

ప్యాకేజీలను స్థాపించే ముందు కంప్యూటరు వాటికి సంబంధించిన డిజిటల్ సంతకాలను సరిచూస్తుంది. సంతకం ప్యాకేజీ ఎక్కడి నుండి వచ్చిందో తెలుపగలదే గాని, అందులో దోషం లేదని చెప్పలేదు. 2006లో డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో చేసిన ఒక మార్పు వలన రహస్య తాళాలు సులభంగా ఊహింపదగినవయ్యాయి. ఈ లోపం 2008 మే వరకు బయటపడలేదు. ఉబుంటుకూ అది సంక్రమించింది.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే సాధనంలో దొంగదారి ఉన్నట్లు ఆండ్రెస్ ఫ్రాయిండ్ కనుగొన్నాడు. దూరప్రవేశానికి దాదాపు అర సెకను అదనంగా పట్టడమే ఆయన అనుమానానికి కారణం. అప్పటికే అది డెబియన్, ఫెడోరాల ప్రయోగాత్మక విడుదలలలో చేరింది. డెబియన్ స్థిర విడుదలకు మాత్రం చేరలేదు. మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉండుట వలన తనిఖీకి అవకాశం కలుగుతుంది. ఆ తనిఖీ ఎవరో ఒకరు పూనుకొని చేసినప్పుడే దోషం వెలుగు చూస్తుంది.